సిలువ గీతల రెండు రూపాయలు

నిన్న హన్మకొండ బస్సులో కండక్టర్ ఇచ్చిన చిల్లరలో సిలువలా గీతలున్న పాత రెండు రూపాయల బిళ్ల వచ్చింది.

ఆ రకం బిళ్లలు కొత్తగా వచ్చినప్పుడు నేను మూడో తరగతి. అమ్మ పొద్దున మా చర్చి ఊడ్చి, తర్వాత మిర్చి యార్డుకు కూలికి పోయేది. ఆమె ఇచ్చిన అలాంటి బిళ్లతో బిస్కెట్లకు పోతే కిరాణా మామ తిప్పి చూసి వెనక్కి తోశాడు.

“ఇది సర్కారుది కాదు బిడ్డా. మీ చర్చిల చేసుకున్నది. నా దగ్గర నడవది.”

నేను నమ్మాను. చర్చిలో చేసిందంటే కానుకల పెట్టెలోదే అనుకున్నాను. గల్లీ నల్లా దగ్గర ఆడవాళ్లతో నిలబడ్డ అమ్మను గట్టిగానే అడిగాను.

“అమ్మా, చర్చి పైసలు తీసినవా?”

అమ్మ కొట్టలేదు. “మిర్చి తొడిమలు తీసిన కూలిల వచ్చింది బిడ్డా,” అంది. అందరూ విన్నారు. చర్చి దాకా పోయింది మాత్రం నా మాటే. ఆదివారానికల్లా చర్చి ఊడ్చే పని ఇంకొకరికిచ్చారు.

అది టంకశాలలో తయారైన అసలు నాణెమేననీ, ఆ గీతలు దేశమంతా ఒక్కటని చెప్పడానికే వేశారనీ కాలేజీలో తెలిసింది. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను.

“నాకెరుకే బిడ్డా,” అంది అమ్మ. “నువ్వొక్కదానివన్న నన్ను నమ్ముతవనుకున్న.”