ఇంటి నంబరు లేనివాళ్లు

రిటైర్మెంటుకు మూడేళ్ల ముందు, ఒక డిసెంబరు మొదటి వారంలో, కరీంనగర్ జిల్లాలోని ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి హెల్త్ సూపర్‌వైజర్‌గా బదిలీ అయ్యాను. డాక్టరుకు కింద, ఊళ్లలో తిరిగే నర్సులైన ఏఎన్‌ఎంలకు పైన ఉండే ఉద్యోగం అది. సబ్‌సెంటర్లలో ఏఎన్‌ఎంలు రాసే రిజిస్టర్లు తనిఖీ చేసి, నెలాఖరున సంతకం పెట్టాలి. ఆ సంతకం మీదే జిల్లాకు లెక్కలు పోతాయి.

ఆ లెక్కలన్నిటికీ మూలం ఏటా ఏప్రిల్లో జరిగే ఇంటింటి సర్వే. ఏఎన్‌ఎం ఇంటి నంబరు వారీగా దంపతుల పేర్లు రాసుకుంటుంది. అందులోంచే గర్భిణుల జాబితా, టీకాలు వేయాల్సిన పిల్లల జాబితా తయారవుతాయి. జాబితాలో ఉన్నవాళ్లు రాకపోతే ఇంటికి వెళ్లి మరీ పిలుచుకొస్తాం. ఈ పద్ధతి మీద నాకు గట్టి నమ్మకం ఉండేది. మా పరిధిలో ఏడాదిగా మాతృమరణం ఒక్కటీ లేదని గణతంత్ర దినం నాడు ప్రశంసాపత్రం ఇచ్చారు. వెళ్లి అందుకున్నది నేనే.

ఫిబ్రవరి మొదటి బుధవారం, టీకాల రోజు, రోడ్డు పక్కనున్న ఒక సబ్‌సెంటరుకు తనిఖీకి వెళ్లాను. అక్కడి ఏఎన్‌ఎం రజిత ఒళ్లు దాచుకోని మనిషి, రాతకోతల్లో పొరపాటు దొరకదు. గేటు బయట ఒకామె నేల మీద కూర్చుని ఉంది. నిండు గర్భిణి. ఉబ్బిన పాదాలకు చెప్పులు పట్టక పక్కన విడిచింది.

ఎవరామె అని అడిగాను.

"మన ఊరామె కాదు మేడం. ఇటుక బట్టీల పనికొచ్చిన ఒడిశా మనిషి. మన లిస్టుల లేదు," అంది రజిత.

దగ్గరికి వెళ్లి ఆమె కింది కనురెప్ప లాగి చూశాను. ఎర్రగా ఉండాల్సిన చోట తెల్లకాగితంలా ఉంది. మాది కరీంనగర్ పట్నంలో ముస్లిం కుటుంబం. ఇంట్లో మాట్లాడే ఉర్దూలోనే పలకరించాను. ఆమెకు కొద్దిగా హిందీ వచ్చు. పేరు జమున అంది.

"దో బార్ ఆయీ దీదీ. బోలే, నామ్ నహీ హై."

రెండుసార్లు వచ్చిందట. పేరు లేదని పంపేశారట. రజిత లోపలికి వెళ్లి రక్తం చూసే మీటరు తెచ్చింది.

వేలు పొడిచి రక్తపు చుక్క తీసి చూస్తే హిమోగ్లోబిన్ నాలుగు. గర్భిణికి పదకొండు ఉండాలి. ఏడు కంటే తగ్గితే ఆసుపత్రిలో చేర్చాలని నియమం. నాలుగుతో ఈమె ఆ పొద్దున కూడా పచ్చి ఇటుకలు మోసింది. మీటరు తప్పు చూపిందేమోనని మళ్లీ చేయించాను. మళ్లీ నాలుగే.

108కు ఫోన్ చేసి, ఆసుపత్రికి భయపడకమ్మా అని ధైర్యం చెప్పబోయాను. భయం ఆసుపత్రంటే కాదంది జమున. బట్టీ దగ్గర తాముండే గుడిసె అంటేనట. మూడు వారాల కింద తన తోడికోడలు ఆ గుడిసెలోనే కని, రక్తం ఆగక చనిపోయిందట. బిడ్డ కూడా దక్కలేదట.

ఆ మాట రెండోసారి చెప్పించుకున్నాను. నేను ప్రశంసాపత్రం అందుకునే నాటికే ఆమెను మట్టి చేశారు.

జమునను, బట్టీ నుంచి పిలిపించిన ఆమె భర్తను అంబులెన్సు ఎక్కించి, రజితను తీసుకుని బట్టీకి వెళ్లాను. కూతవేటు దూరం కూడా లేదు. పచ్చి ఇటుకలు పేర్చి పైన రేకులు కప్పిన గుడిసెలు, మనిషి నిలబడితే తల తగిలేంత ఎత్తు. మేస్త్రీ ఎదురొచ్చాడు.

"ఎండకాలం అయిపోంగనే వాళ్లు పోతరు మేడం. మీకెందుకు గీ పరేషాన్?"

చనిపోయినామెను ఎక్కడ పూడ్చారో చూపించమన్నాను. మట్టి తవ్విన గుంట వెనక్కి తీసుకెళ్లాడు. చిన్న మట్టికుప్ప, మీద ముళ్లకంప. తలెత్తితే రోడ్డుకు అవతల మా సబ్‌సెంటరు బోర్డు కనిపించింది. కళ్లద్దాలు లేకుండానే అక్షరాలు చదవగలిగాను.

రజిత అక్కడే కూలబడింది. "నేను రోజు గీ తొవ్వలనే వస్త మేడం, గీ తొవ్వలనే వస్త," అని అదే మాట అంటూ పోయింది. ఆమెను కోప్పడలేదు. రెండు నెలలుగా ఆమె రాసిన ప్రతి పేజీ కింద నా సంతకం ఉంది.

మాతృమరణం తెలిసిన ఇరవైనాలుగు గంటల్లో నివేదిక పంపాలి. ఫారం నింపి తీసుకెళ్తే మా డాక్టరు తటపటాయించాడు.

"వాళ్ల లెక్క ఒడిశాకు పోతది గద మేడం. మనమెందుకు రాసుడు?"

పాణం పోయింది మన దగ్గర గద సార్ అన్నాను. ఆయన పెన్ను తీసి సంతకం చేశాడు.

తర్వాత నాకూ రజితకూ మెమోలు వచ్చాయి. బట్టీని ఎందుకు వదిలేశారని సంజాయిషీ అడిగారు. గుడిసెలకు ఇంటి నంబర్లు లేవని మొదట రాశాను. అది చించేసి, వెళ్లి అడగలేదని రాసిచ్చాను.

జమునకు జిల్లా ఆసుపత్రిలో రక్తం ఎక్కించారు. తొమ్మిదో రోజున ఆడపిల్ల పుట్టింది, రెండు కిలోలు కూడా లేదు. ఇద్దరూ బతికారు. ఆ వారమంతా గుడిసె గుడిసెకూ తిరిగి పేర్లు రాశాం. ఇంకా ఏడుగురు గర్భిణులు దొరికారు. వానలకు ముందు అందరూ లారీలెక్కి వెళ్లిపోయారు. మరుసటేడు జమున రాలేదు. ఆ పాప ఎలా ఉందో నాకు తెలియదు.

జాబితాలో తప్పులు లేనంత మాత్రాన అది నిజం కాదని అప్పుడు తెలిసింది. మిగిలిన సర్వీసంతా, ఎక్కడికి తనిఖీకి వెళ్లినా రిజిస్టరు తెరవకముందే ఏఎన్‌ఎంను ఒకటే అడిగేదాన్ని: నిన్న ఈ ఊళ్లో నిద్రపోయినవాళ్లలో ఇందులో పేరు లేనిదెవరికి? ఎవరూ లేరని చెబితే, ఊరి పొలిమేర దాకా నడిచి చూసేదాన్ని. ప్రతిసారీ ఎవరో ఒకరు ఉండేవారు.