నూతిలో ఇత్తడి చెంబు

మా ఆవిడ పోయిన రోజు పొద్దున్న, ఆమె చేతిలోంచి ఇత్తడి చెంబు జారి నూతిలో పడింది. "రేపు తీయిద్దాం లెండి" అంది. మధ్యాహ్నం గుండెనొప్పి వచ్చింది. అమలాపురం ఆసుపత్రికి చేరేసరికే ప్రాణం పోయింది.

అప్పటినుంచి నేను చేద దించినప్పుడల్లా నూతి అడుగున చెంబుకి తగిలి ఖంగుమంటుంది.

ఇవాళ పక్కింటి సత్యవతిగారు చెంబు తీయడానికి పాతాళగరిగె తెచ్చారు. ఇనప కడియం, దానికి వేలాడే తుప్పు కొక్కేలు. మన చిన్నప్పుడు వీధికొకటి ఉండేది, గుర్తుందా?

"ఊరికే ఇవ్వకూడదండి అన్నయ్యగారూ. ఇది మళ్ళీ మా ఇంటికి రావాలంటే తాకట్టుగా ఓ గిన్నె పెట్టించుకోవాలని మా అత్తగారి రూలు" అన్నారు. గిన్నె ఇచ్చాను.

ఆ గరిగెని చూడగానే ఏడో తరగతి గుర్తొచ్చింది. ఇంగ్లీషు మాస్టారు బోర్డు మీద రిటర్న్, రిస్టోర్, రికవర్, రిట్రీవ్ అని రాశారు. అన్నీ తిరిగి తేవడమే అయినా వాడే చోటు వేరన్నారు. అరువు పుస్తకం ఇచ్చేస్తే రిటర్న్. పాడైన గుడిని బాగుచేస్తే రిస్టోర్. జ్వరం తగ్గి కోలుకుంటే రికవర్.

"మరి రిట్రీవ్?" అని అడిగారు మాస్టారు.

ఆడపిల్లల బెంచీలోంచి ఒకమ్మాయి లేచింది. తర్వాత నా భార్య అయింది ఆమే.

"నూతిలో పడ్డ చెంబుని గరిగేసి తీయడమండి."

"ఆయ్! ఎంత తిప్పినా రాకపోతేనో?"

"దానికి అక్కడే బాగుందనుకోవాలండి."

క్లాసంతా నవ్వింది. మాస్టారూ నవ్వేరు.

సాయంత్రం గరిగె దించాను. కొక్కెం చెంబు అంచుని పట్టుకుంది. బరువు చేతికి తెలిసింది. అది పైకి వచ్చేస్తే ఇక నూతిలో ఆ చప్పుడు ఉండదు. తాడు వదులు చేశాను. చెంబు జారి మళ్ళీ అడుక్కి చేరింది.

రేపు ఉదయం గరిగె ఇచ్చేసి, మా గిన్నె తెచ్చుకుంటాను.