ఆగిన సాంచె

తెలంగాణ ఉద్యమంలో బొగ్గుబావులు సమ్మెకు దిగిన రోజులవి. బస్సులు కూడా బందవడంతో సిరిసిల్లలో కరీంనగర్ జీపెక్కాను. ఒళ్లో పత్రిక పరిచి, ఏ దేశంలో కరెంటు దేనితో పుడుతుందో చూపే పటం చూస్తున్నాను.

పక్కన బియ్యం సంచి పట్టుకున్న పెద్దాయన అరిచినట్టే అడిగాడు. "గదేంది బిడ్డా?"

"జర మెల్లగ కాకా, గిది సాంచెల షెడ్డు గాదు," అన్నాడు డ్రైవరు. అందరూ నవ్వారు. సిరిసిల్లలో మరమగ్గాలను సాంచెలంటారు.

నా గొంతు ఎప్పటిలాగే చిన్నగానే వచ్చింది. "గల్ఫుల కరెంటుకు చమురు, గ్యాసు. మన దగ్గర బొగ్గే ఎక్కువ."

ఆయన నా పెదాలు చూస్తూ తలూపాడు. సాంచెల మోతలో మాట చెవికందదు, పెదాలు చూసే తెలుసుకుంటారు.

"గా బొగ్గు రాకనే కరెంటు లేదు. వారం సంది నా సాంచె ఆగింది. మా తమ్ముడు బాయిల పనిచేస్తడు, సమ్మెల ఉన్నడు."

"సమ్మె ఇడవమని చెప్పరాదా కాకా?" అన్నాను.

"నా సాంచె కోసం ఆన్ని బాయిల దిగమంటనా? ఇంట్ల తిండి లేక ఆడే బాయిల దిగుతడేమోనని బుగులు. గందుకే ఆనికి గీ బియ్యం."

కరీంనగర్‌లో ఆయన సంచి భుజానికెత్తుకుంటుంటే అడిగాను. "మరి మీ ఇంట్ల బియ్యం ఉన్నయా కాకా?"

ఈసారి ఆయన నా పెదాల వైపు చూడలేదు.