తేరుకున్న వాగు

ఆమెకు పుట్టినప్పుడు పెట్టిన పేరేదో ఉండే ఉంటుంది. పెళ్ళయి ఆ వీధికి వచ్చాక మాత్రం అందరికీ రాళ్ళత్తే. కోపం వస్తే రాళ్ళు విసురుతుంది కాబోలునని కొత్తవాళ్ళు భయపడేవారు. విసరడం మాట దేవుడెరుగు, నిద్రపోతున్న పసిబిడ్డను పక్కలో దించినంత మెల్లగా రాయిని దించే మనిషి ఆమె.

ఆమె పనే అలాంటిది. ఇళ్ళ వెనక పారే వాగులో, మోకాలి లోతు నీళ్ళలో, రాళ్ళ కింద బతికే చిన్న చేపలుండేవి. వేలెడంత ఒళ్ళు, దానికి మించిన తలకాయ, రాతి రంగు. రాతిచేపలనేవారు. వాటికి వల పనికిరాదు. వంగి ఒక చేత్తో రాయి ఎత్తి, రెండో చేత్తో బుట్ట అడ్డం పెట్టాలి. ఆపాటి పట్టడం ఎవరికైనా చేతనవుతుంది. అసలు పనితనం ఆ తరువాత ఉంది. ఎత్తిన రాయిని ఎత్తినట్టే, ఏ ముఖం కిందికి ఉందో ఆ ముఖమే కిందికి వచ్చేలా దించాలి. ఎందుకంటే ఆ చేప గుడ్లు పెట్టేది రాయి అడుగు ముఖానికి, ఇంటి పైకప్పుకు లోపలివైపు అంటించినట్టు. పెట్టి ఆడది తన దారిన పోతుంది. మగది తిండి మానేసి, తోకతో నీళ్ళు విసురుతూ గుడ్లు పగిలి పిల్లలయ్యేదాకా కాపలా కాస్తుంది. అలాంటి రాయి కింద చేపను ముట్టుకోకూడదు. ఇదంతా వాళ్ళమ్మ ఆమెకు వీపు మీద రెండు చరిచి మరీ నేర్పింది.

"చూశావా, మొగుడంటే అలా ఉండాలి" అని రాళ్ళత్త భర్తను ఆటపట్టించేది.

ఆయన కోతమిల్లులో రంపం దగ్గర పనిచేసేవాడు. చెవుల్లో, కనుబొమల్లో ఎప్పుడూ రంపపు పొట్టే. నోట్లో నాలుక లేని మనిషి. "నాకు తోక లేదు కదే" అనేవాడు. అంతకుమించి ఆయన దగ్గర హాస్యం లేదు, ఉన్నదే ఏళ్ళ తరబడి వాడుకున్నాడు. ఆమె కూడా ప్రతిసారీ కొత్తగా విన్నట్టే నవ్వేది.

వాగు పుట్టే కొండ మీద అడవి కొట్టడం మొదలైంది. మొదట్లో అక్కడక్కడ, ముదురు చెట్లు మాత్రమే. తరువాత ఒక కంట్రాక్టరు మహానుభావుడు యంత్రాలు దించి, కొండను గొరిగి పెట్టాడు. చెట్లున్నన్నాళ్ళూ వాన సగం కొండమీదే ఇంకిపోయి, మిగతా సగం నింపాదిగా దిగేది. వేళ్ళు పోయాక మట్టిని పట్టి ఉంచేవాళ్ళు లేరు. తొలివానకే వాగు ఎర్రటి బురదయి దిగింది. వాన వెలిశాక కూడా తేరుకోలేదు. ఆ మన్ను రాళ్ళ సందుల్లో పేరుకుంది. రాయి ఎత్తబోతే సిమెంటు పెట్టి అతికినట్టు రానని మొరాయించేది. పెకలించి చూస్తే కింద ఖాళీ లేదు, గుడ్లకు గాలి లేదు, ఉన్నదంతా మెత్తటి బురద.

ఆ కొండ దుంగలే ఆమె మొగుడి రంపం కిందికి వచ్చేవి. ఒకరోజు అన్నం ముందు కూర్చున్నాక రాళ్ళత్త ఉండబట్టలేకపోయింది.

"నా చేపల కొంప నువ్వే కూలుస్తున్నావయ్యా."

"నేను కొయ్యకపోతే ఇంకొకడు కోస్తాడే."

"ఆ ఇంకొకడు నా పక్కన కూర్చుని అన్నం తినడుగా!"

ఆయన ముద్ద కంచంలోనే వదిలేసి లేచాడు. ఆ మాట అన్నందుకు ఆమె బాధపడింది కానీ, వెనక్కి తీసుకోలేదు. అప్పటినుంచి ఆయన గుమ్మం బయటే నిలబడి, చొక్కా విప్పి దులుపుకుని, చెవులు కూడా తుడుచుకుని గాని లోపలికి వచ్చేవాడు కాదు. ఆమె మీద పొట్టు పడకూడదని ఎవరూ చెప్పలేదు. తానే అలా పెట్టుకున్నాడు.

బురదలో చేపలు రోజురోజుకూ తగ్గిపోతుంటే రాళ్ళత్త ఒక పని చేసింది. దొరికినవాటినల్లా దొరికినట్టు తెచ్చి పెరట్లో బట్టలుతికే సిమెంటు తొట్టిలో వేసింది. వాగు రాళ్ళే తెచ్చి అడుగున పేర్చింది. బావినీళ్ళు బిందెతో ఎత్తునుంచి పోసేది, నీళ్ళకు గాలి తగలాలని. ఎండ పడకుండా పైన తడి గోనెలు కప్పేది. వానపాముల కోసం పెరడంతా తవ్విపోసింది.

"బట్టలు ఎక్కడ ఉతకను అత్తయ్యా?" అంది, కొడుకు పెళ్ళితో ఆ ఇంటికి వచ్చిన కోడలు.

"పక్కింటి బండ మీద ఉతుక్కో. వాళ్ళేమీ కాదనరు."

"చేపలకేమో తొట్టి, కోడలికేమో పక్కిల్లు! పోయిన జన్మలో వీటి కడుపున పుట్టారేమో మీరు" అని సణిగింది గానీ, రాళ్ళత్తకు జ్వరం వచ్చినప్పుడు వేళ తప్పకుండా నీళ్ళు మార్చింది ఆ కోడలే.

చేపలు తొట్టిలోనే గుడ్లు పెట్టాయి. పిల్లల్లో చాలా పోయాయి, కొన్ని నిలిచాయి. వాటిలో ఒక్కటీ అమ్మలేదు, ఒక్కటీ వండలేదు. కొందామని వచ్చినవాళ్ళ మీద ఒంటికాలి మీద లేచింది. వాగులో ఇక ఆ చేప లేదు. ఉన్నవి ఈ తొట్టిలోనివే. "వాగు తేరుకునేదాకా" అనేది ఆమె ఒక్కటే మాటగా.

కోయడానికి కొండమీద ఏమీ మిగలక మిల్లు మూతపడింది. చెట్లు పోయిన చోట గని తవ్వడం మొదలైంది. రాళ్ళత్త భర్త గని గేటు దగ్గర కాపలా పనికి కుదిరాడు. కొంతకాలానికి ఒక మధ్యాహ్నం, డ్యూటీ దిగీ దిగగానే, మొహం చాటంత చేసుకుని పెరట్లోకి వచ్చాడు.

"ఏమే, వాగు తేరుకుంది. అడుగు కనిపిస్తోంది!"

ఆమె చేతిలో బిందె అక్కడే దించేసి పరుగున వెళ్ళింది. నిజమే. గులకరాళ్ళు లెక్కపెట్టుకోవచ్చు, అంత తేటగా ఉన్నాయి నీళ్ళు. వంగి ఎత్తితే రాళ్ళు సులువుగా వచ్చాయి, కడిగి ఆరబెట్టినట్టు తెల్లగా. దిగి నడిచింది. పూర్వం పాచికి కాలు జారేది. ఇప్పుడు జారలేదు, ఈ వయసులో అదీ మంచికే అనుకుంది. ముసిరే దోమలు కూడా లేవు. పగిలిన మడమ చుర్రుమంటే, చల్లదనం అలవాటు తప్పింది కాబోలు అనుకుంది. ఒడ్డున నిలబడ్డ భర్త వైపు చూసి, ఎన్నో ఏళ్ళ తరువాత మునుపటిలా నవ్వింది. ఆయనకు ఆ నవ్వు చాలు.

"ముందు ఒకటో రెండో వదిలి చూద్దాం అత్తయ్యా" అంది కోడలు.

"పుట్టింటికి వెళ్ళేవాళ్ళకు పరీక్ష పెట్టి పంపుతారుటే? పైగా గుడ్ల మీదున్న మగవాటిని విడదీయకూడదు. వెళితే అన్నీ వెళ్ళాలి."

గుడ్లంటిన రాళ్ళతో సహా అన్నిటినీ కుండల్లోకి ఎత్తారు. బరువైన కుండ భర్త మోశాడు. ఆమె పాత గుర్తులు చూసుకుంటూ ఒక్కొక్క రాయిని అమ్మ నేర్పినట్టే నీళ్ళలో దించి, చేపల్ని వదిలింది. సర్రున వెళ్ళి రాళ్ళ కింద దూరాయి. "మరిచిపోలేదయ్యా, మరిచిపోలేదు!" అని చిన్నపిల్లలా అరిచింది. ఆ సంతోషంలో కుండల్లో మిగిలిన తొట్టినీళ్ళు వాగులో పారబోసేసింది.

మొదటి చేప బయటికి వచ్చేసింది. పైకి తేలి నోరు తెరిచి మూస్తోంది. దాని వెనక ఇంకొకటి. చూస్తుండగానే రాళ్ళ కింది నుంచి అన్నీ బయటపడి, పక్కకు ఒరిగి, తెల్లటి కడుపులు చూపిస్తూ నీళ్ళతో పోసాగాయి. రాళ్ళత్త దోసిళ్ళతో పట్టి కుండలో వేసింది. ఇప్పుడు కుండలో ఉన్నదీ వాగునీళ్ళే. "బావినీళ్ళు తేవే!" అని కోడలి మీద కేక పెట్టింది. కోడలు బిందెతో వచ్చేసరికి ఆ నీళ్ళ అవసరం తీరిపోయింది. గుడ్ల దగ్గర ఉన్న మగవి మాత్రం బయటికి రాలేదు. ఆమె రాయి ఎత్తి చూస్తే ఒకటి ఇంకా తోక ఆడిస్తూ ఉంది. ఆమె చూస్తుండగానే ఆపేసింది.

గని తవ్వి పోసిన రాళ్ళకు గాలీ వానా తగిలితే వాటిలోంచి యాసిడ్ లాంటి పులుపు దిగుతుందట. ఆ పులుపు రాతిలోని లోహాల్ని కరిగించి తెస్తుంది. అది కలిస్తే వాగులోని మన్ను ముద్దలు కట్టి అడుగుకు దిగి, వరదకు కొట్టుకుపోతుంది. పాచి చస్తుంది, పురుగు చస్తుంది, దోమ కూడా పుట్టదు. అన్నీ చచ్చాక మిగిలే నీళ్ళు అద్దంలా ఉంటాయి. బురద చెడ్డదని, తేట మంచిదని వాళ్ళమ్మ నేర్పింది. ఆ అమ్మకు ఆమె అమ్మ నేర్పింది. తేటనీళ్ళు చంపుతాయని ఆ వంశంలో ఎవరికీ తెలియదు, తెలియాల్సిన పని ఎన్నడూ పడలేదు.

భర్త ఒడ్డున నీళ్ళు నమిలాడు.

"గేటు పక్కన గొట్టంలోంచి గనినీళ్ళు వాగులోకి వదులుతున్నారే. తేటగా వస్తోంటే రోజూ చూశాను. వాళ్ళకు బుద్ధొచ్చి శుభ్రం చేసి వదులుతున్నారనుకున్నాను. ముందు నీకు చెప్పాలని..."

ఆమె తిట్టి ఉంటే బాగుండేదని ఆయనకు అనిపించింది. ఆమె తిట్టలేదు. ఒక్కొక్క రాయి ఎత్తి కింద చూసింది. చూసిన రాయిని చూసినట్టే పక్కన పడేసి, ఇంకొకటి ఎత్తింది. ఆమె రాయి పడేయడం కోడలు అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. చివరికి ఒడ్డెక్కి, తడిబట్టలతో కూర్చుండిపోయింది.

భర్త చెప్పులు విప్పి వాగులోకి దిగాడు. కాపురం మొదలైనప్పటి నుంచి ఆయన ఆ నీళ్ళలో ఆమెతో పనికి దిగింది లేదు. తిరగబడి ఉన్న రాళ్ళను ఒక్కొక్కటే రెండు చేతులా ఎత్తి, మెల్లగా దించసాగాడు. ఏ ముఖం కిందికి ఉండాలో ఆయనకు తెలియదు. చాలావాటిని తప్పే పెట్టాడు, కొన్నిటిని గుడ్లు పైకి వచ్చేలా పెట్టాడు. పెట్టిన ప్రతిసారీ ఆమె వైపు చూశాడు. రాళ్ళత్త ఆ తప్పులన్నీ చూస్తూ కూర్చుంది, ఒక్కదాన్ని కూడా సరిదిద్దలేదు.