మనిషి ఉండగానే ఖాళీ అయిన జాగ

ఆ ఏడాది దసరా దాటిన వారంలో నేను ఆదిలాబాద్ పట్టణం బయట, మహారాష్ట్ర వైపు పోయే రోడ్డు మీద ఉన్న ఒక జిన్నింగ్ మిల్లులో హెడ్ ఫిట్టర్‌గా చేరాను. అంతకుముందు పనిచేసిన జమ్మికుంట మిల్లు వానాకాలంలోనే మూతపడింది. మా పనిలో ఉద్యోగాలు ఎలా దొరుకుతాయని కుర్రవాళ్ళు అడిగినప్పుడల్లా నాకు ఆ దసరా గుర్తుకొస్తుంది.

జిన్నింగ్ మిల్లు అంటే రైతు తెచ్చిన పత్తి నుంచి గింజనూ దూదినీ వేరుచేసే చోటు. పొడుగాటి షెడ్డులో మిషన్లు వరసగా ఉంటాయి. ఒక్కో మిషన్‌లో తోలు బిళ్ళలు కూర్చి చేసిన రెండు రోలర్లు, వాటికి ఆనుకుని ఉక్కు కత్తులు. రోలర్ దూదిని లాక్కుంటుంది, కత్తి గింజను ఆపుతుంది. ఆ రెంటి మధ్య సందు సరిచూడటం, బేరింగులు వేడెక్కకుండా కాపాడటం ఫిట్టర్ పని. బేరింగ్ మాడితే నిప్పు పుడుతుంది. చుట్టూ ఉన్నది దూది. హెడ్ ఫిట్టర్ కింద రాత్రి షిఫ్టు చూసే మరో ఫిట్టర్, నూనె వేసే ఆయిల్‌మన్ ఉంటారు. పైన యజమాని సేఠ్ తప్ప ఎవరూ ఉండరు.

నేను బడిలో చదివింది పదో తరగతి. మిగిలిన చదువంతా జమ్మికుంట శాఖా గ్రంథాలయంలో జరిగింది. యంత్రాల గురించి అక్కడున్న తెలుగు పుస్తకాలన్నీ చదివాను. ఇంగ్లీషువి నిఘంటువు పక్కన పెట్టుకుని చదివాను. చప్పుడు గాలిలో కంటే ఇనుములో వేగంగా నడుస్తుందని చదివిన రోజున, గురువు నేర్పిన ఒక పద్ధతికి కారణం తెలిసి చాలా సంతోషపడ్డాను. పొడుగు స్క్రూడ్రైవర్ మొనను బేరింగ్ పెట్టెకు తాకించి, పిడిని చెవికి ఆనిస్తే లోపలి చప్పుడు వినిపిస్తుంది. మంచి బేరింగ్ ఒకే తీరుగా గుయ్‌మంటుంది. పాడవుతున్నది సన్నగా ఏడుస్తుంది. ఫిట్టర్ తన చెవితో బతుకుతాడు.

మిల్లు మూతపడ్డాక కూడా రోజూ గ్రంథాలయానికే పోయి పేపర్లలో ప్రకటనలు చూసేవాణ్ణి. జిన్ ఫిట్టర్ కావలెను అన్న మాట ఒక్కనాడూ కనిపించలేదు. కనిపించదని తెలిసే చూశాను. మా జాగలు, అంటే మా కొలువులు, పేపరుకెక్కవు, మనుషుల నోళ్ళ మీద నడుస్తాయి.

"గ్రంథాలయంల కూసుంటె జీతమిస్తున్నరా?" అనేది మా ఇంటామె. "మా తమ్ముడు మస్కట్ వీసా తెస్తనంటుండు. ఊ అనరాదూ?"

ఆ వీసా బిల్డింగు పనిలో కూలీకి. యాభై దాటిన వయసులో ఇటుకలు మోయడానికి సముద్రం దాటాలంటే నాకు మనసొప్పలేదు. అయితే ఒక సీజన్ ఇంట్లో కూర్చున్న ఫిట్టర్‌ను మరుసటి సీజన్‌లో ఎవరూ తలుచుకోరు. మిల్లులు దసరాకు మొదలవుతాయి. ఆలోగా ఏదో ఒక జాగ చూసుకోవాలి, లేదా మస్కట్ పోవాలి.

జాగ వెతకడానికి ఒక పద్ధతి ఉంది. పని కావాలని ఎవరినీ అడగకూడదు. అడిగినవాడి విలువ పడిపోతుంది. విడిభాగాల దుకాణానికి పోయి ఏదో ఒక బెల్టు కొని, చాయ్ తాగుతూ, ఈసారి ఏ మిల్లులో రోలర్లు ఎవరు చూస్తున్నారని కదపాలి. లారీ డ్రైవర్లతో మాట్లాడాలి, పత్తి కొనే ఆడ్తిదారుల గుమస్తాలతో మాట్లాడాలి. మాట అందాక అది ఎవరు చెప్పారని మాత్రం అడగకూడదు. చెప్పినవాడు అదే మిల్లులో తిండి తింటూ ఉండొచ్చు. సేఠ్‌కు తెలిస్తే వాడి జాగ పోతుంది. అందుకే మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోతుంది, పేరు పోదు.

కరీంనగర్‌లో బేరింగులమ్మే అఫ్జల్ భాయ్ నాకు మొదట చెప్పాడు. "రాజలింగం, జర ఆదిలాబాద్ దిక్కు సూడు. మహారాష్ట్ర రోడ్డు మీది పాత మిల్లుల ఫిట్టర్ జాగ ఖాళీ. పోయిన సీజన్ నుంచి మూడో మిషన్ కాడ ఫిట్టర్ స్టూలు ఖాళీగనే ఉంటున్నది."

కొన్నాళ్ళకు జమ్మికుంట మార్కెట్ యార్డులో లారీ డ్రైవర్ సమ్మయ్య కనిపించాడు. ఆదిలాబాద్‌లో జాగ ఉందన్నాడు. మూడో మిషన్ దగ్గరి స్టూలు ఖాళీ అన్నాడు. తర్వాత హుస్నాబాద్‌లో ఒక మోటారు బాగుచేయడానికి పోతే, అక్కడి ఆడ్తి గుమస్తా నేను నోరు తెరవకముందే అదే మిల్లు, అదే స్టూలు చెప్పాడు. ఒక్కరు చెబితే గాలిమాట కావచ్చు. ముగ్గురు ఒకే స్టూలు గురించి చెప్పాక సందేహం లేకపోయింది. రించీలు, పానాలు సంచిలో వేసుకుని రైలెక్కాను.

మిల్లు గేటు దగ్గర వాచ్‌మన్ నా సంచి చూసి, పేరైనా అడగకుండా గేటు తీశాడు. "ఫిట్టరే గద? పో అన్నా, లోపలికి పో." గుమస్తా కూడా ఏమీ అడగలేదు. గది చూపించాడు.

ఆ గదిలో మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. దండెం మీద పంచె ఆరుతోంది. కిటికీలో చాయ్ గ్లాసు, అడుగున ఇంకా తడి ఉంది.

"గీ సామాను ఎవలది?" అన్నాను.

"పాతాయనది. విఠల్ అని."

"ఆయనేడి?"

"పోయిండు గద," అన్నాడు గుమస్తా. దండెం మీది పంచెను చూశాడు. తర్వాత వేరే వైపు చూస్తూ, "పోతడు," అన్నాడు.

షెడ్డులోకి పోయాను. మిట్టమధ్యాహ్నమైనా దూది పొగలో వెలుతురు పాలిపోయి ఉంది. ఆ మిల్లులో పత్తిని ఇంకా చేతులతోనే మిషన్లకు వేస్తున్నారు. పత్తి వేసే ఆడవాళ్ళు ముక్కుకు బట్ట కట్టుకున్నారు. కనుబొమలు, వెంట్రుకలు అన్నీ తెల్లగా ఉండి ఎవరి వయసెంతో తెలియడం లేదు. మూడో మిషన్ దగ్గర స్టూలు కనిపించింది. నిజంగానే ఖాళీగా ఉంది. దాని మీద దూది మందంగా పేరుకుంది. చాలాకాలంగా ఎవరూ కూర్చోలేదని తెలుస్తూనే ఉంది.

ఆ మిషన్ వెనుక నుంచి ఒక మనిషి వచ్చాడు. నిలువెల్లా తెల్లగా ఉన్నాడు. చేతిలో పొడుగు స్క్రూడ్రైవర్. ఒక్కో బేరింగ్ దగ్గర వంగి, కళ్ళు మూసుకుని, వింటూ వస్తున్నాడు. చాయ్ పోసే ఆమె అందరికీ గ్లాసులిచ్చి అతని పక్క నుంచే వెళ్ళిపోయింది. ఆయిల్‌మన్ అతనికి అడ్డం రాకుండా పక్కకు తప్పుకున్నాడు, కానీ మొహం చూడలేదు. ఇంతమంది మధ్యలో తిరుగుతున్న ఆ మనిషి నాకొక్కడికే కనబడుతున్నాడా అని ఒక్క క్షణం అనిపించింది. దయ్యాలను నమ్మని పుస్తకాలే చదివాను నేను. అయినా ఆ క్షణంలో పక్కనున్న ఆమెను అడిగాను.

"అవ్వా, గాయన ఎవలు?"

ఆమె పేరు రాజవ్వ. పత్తి వేసేవాళ్ళకు పెద్ద. మూతికున్న బట్ట కిందికి లాగి నన్ను ఎగాదిగా చూసింది. "ఆయన జాగలకు అచ్చి ఆయన ఎవలని నన్నడుగుతున్నవా? విఠల్ అన్న. ఉన్నోన్ని లేనోన్ని జేసిన్రు గీళ్ళు."

"పోతున్నడట గదా?"

"పోతున్నడని బయటోళ్ళే అన్నరు. సేఠ్ ఒకపారి అడిగిండు, గుమస్తా అడిగిండు. సప్పుడు జెయ్యలే. సప్పుడు జెయ్యకపోతె పోతున్నట్టేనాయె. కోపంల ఉన్నడని ఎవ్వలు మాట్లాడుత లేరు."

అప్పుడే నాకు ఆ ఏడుపు వినిపించింది. మూడో మిషన్ బేరింగ్. స్క్రూడ్రైవర్ అక్కర్లేదు, పది అడుగుల దూరానికి సన్నగా, తెగకుండా వస్తోంది. విఠల్ సరిగ్గా ఆ బేరింగ్ మీదే స్క్రూడ్రైవర్ ఆనించి వింటున్నాడు. అతని మొహం ప్రశాంతంగా ఉంది. మంచి పాట వింటున్నవాడిలా మెల్లగా తల ఊపుతున్నాడు.

నేను పోయి ఆ ఒక్క మిషన్ స్విచ్ ఆపేశాను. రోలర్లు నిలిచిపోయాయి. ఏడుపు ఆగింది. పక్క మిషన్లు నడుస్తూనే ఉన్నాయి, వాటి అదురు నేలంతా ఉంది. విఠల్ కళ్ళు తెరవలేదు. ఆగిపోయిన మిషన్‌కు తాకించిన పిడిని చెవికి ఆనించి, అలాగే తల ఊపుతున్నాడు. ఆడవాళ్ళు చేతులాపి చూశారు. మేమంతా చూస్తుండగా ఆయన ఇంకా వింటూనే ఉన్నాడు. ఎంతసేపో చెప్పలేను, నాకైతే చాలాసేపు అనిపించింది.

కళ్ళు తెరిచి ముందు రోలర్లను చూశాడు. తర్వాత స్విచ్ మీదున్న నా చేతిని చూశాడు. తర్వాత స్క్రూడ్రైవర్‌ను చూసుకున్నాడు. బేరింగ్ పెట్టె మీద అరచెయ్యి పెట్టి, చురుక్కుమంటే వెనక్కి తీశాడు. దూది అంటుకోవడానికి ఇంకెంతో సేపు పట్టేది కాదు.

చాయ్ దగ్గర కూర్చున్నాం. ఈసారి ఆయనకూ గ్లాసు ఇచ్చారు. నేను ఆయన మొహానికి ఎదురుగా కూర్చుని, పెదవులు కనబడేలా మాట్లాడాను. ఆయన నన్ను మరాఠీలో తమ్ముడా అన్నట్టు భావూ అని పిలుస్తూ, గట్టిగా, అందరికీ వినిపించేలా మాట్లాడాడు.

"చెవుల దూది వడ్డదనుకున్న భావూ. నూనె వోసుకున్న. స్టూలు మీద కూసుంటె మిషన్లు సప్పుడు జేస్తలేవు. అందుకే కూసునుడు బంద్ వెట్టి, ఒక్కొక్కదాని కాడికి పోయి ఇంటున్న. పిడి అదిరితె ఇనవడ్డట్టే అనుకున్న."

నేను ఎందుకొచ్చానో చెప్పాను. జాగ ఖాళీ అని జమ్మికుంటలో, హుస్నాబాద్‌లో కూడా అనుకుంటున్నారని చెప్పాను. ఆయన గ్లాసు కింద పెట్టాడు.

"అందరికి ఎరుకేనా? నా జాగ ఖాళీ అయిందని నాకొక్కనికే ఎవ్వలు చెప్పలే."

"చెప్పిన్రేమో అన్నా. నీకు ఇనవడలే," అంది రాజవ్వ, ఆయన ముందుకు వచ్చి. ఆమె పెదవులు చూసి ముందుగా విఠలే నవ్వాడు.

ఉన్న మనిషి జాగలో కూర్చోవడం నాకు చేతకాదు. చెవి లేని ఫిట్టర్‌ను ఆ షెడ్డులో వదిలేసి తిరిగి రావడమూ చేతకాదు. అక్కడున్న ఆడవాళ్ళందరికీ బయటికి పోవడానికి ఒకటే తలుపు ఉంది. సేఠ్ దగ్గరికి ఇద్దరం కలిసి పోయాం. అరిగిన తోలు రోలర్లకు మళ్ళీ గాడులు కోయించడానికి ఆయన బయటికి పంపుతున్నాడు. ఆ పనికి కన్ను, చెయ్యి చాలు. విఠల్‌కు ఆ పని, నాకు షెడ్డు ఇమ్మని అడిగాను. బయటికి పంపే ఖర్చు లెక్కేసుకుని సేఠ్ ఒప్పుకున్నాడు. గది కూడా ఇద్దరం పంచుకున్నాం. మస్కట్ వీసా మా బావమరిది ఇంకెవరికో ఇచ్చాడు.

సీజన్ అయ్యాక కరీంనగర్ పోయి, మా పద్ధతి తప్పి, అఫ్జల్ భాయ్‌ను ఆ మాట ఎవరు చెప్పారని అడిగాను.

"ఎవలు జెప్తరు?" అన్నాడాయన. "నువ్వు పోకముందటి సీజన్ల గా మిల్లు నుంచి బేరింగులు మాడిపోయి అస్తుండె. నూనె లేక మాడినయి కావు, నేను సూసిన. అంటె బేరింగు సప్పుడు ఎవలో ఇంటలేరు. సమ్మయ్య బేరింగులు దింపనీకి పోయినప్పుడల్లా స్టూలు ఖాళీగ కనవడుతున్నదన్నడు. రెండు కలిపితె జాగ ఖాళీ అయితదని సమజైంది. నీకు జెప్పిన, సమ్మయ్యకు జెప్పిన, హుస్నాబాద్ గుమస్తాకు జెప్పిన. తప్పా?"

తప్పేమీ లేదు. నేను ముగ్గురు అనుకున్నది ఒక్కరే. సమ్మయ్య ఆ మాటను మిల్లు గేటు దగ్గర కూడా చెప్పాడు. అక్కడ ఎవరూ ఎవరు చెప్పారని అడగలేదు. అడగని మాట నిజమై కూర్చుంది.

ఆ తర్వాత ప్రతి సీజన్‌కు ముందు కరీంనగర్ పోయి, అఫ్జల్ భాయ్‌ను నా జాగ ఎట్లుందని అడిగేవాణ్ణి. "ఉన్నది పోవయ్యా," అని నవ్వేవాడు. ఒక ఏడాది నవ్వలేదు. నా కోసం చాయ్ చెప్పి, ముందు తాగమన్నాడు. తాగాక, పోయిన సీజన్లో మా మిల్లు నుంచి మాడి వచ్చిన బేరింగులను నా ముందు పెట్టాడు. ఆ వారమే ఆసుపత్రికి పోయి చెవులు చూపించుకున్నాను. వచ్చే సీజన్ షెడ్డుకు మరొకరిని చూసుకోమని సేఠ్‌కు నేనే చెప్పి, పని మానుకున్నాను.

జాగ వెతికేవాళ్ళకు చెప్పదగింది ఇంతే. ఖాళీలు పేపరు కంటే ముందు విడిభాగాల దుకాణంలో తెలుస్తాయి, అక్కడికి పోండి. మాట ఎన్ని నోళ్ళ నుంచి వచ్చినా, అది పుట్టిన నోరు ఒకటో రెండో కనుక్కోండి. పని దొరికాక కూడా ఆ దుకాణానికి పోవడం మానకండి. ఏడాదికొకసారి మీ సొంత జాగ గురించి అడగండి.