మా ఉత్తుత్తి తవ్వకంలో దొరికిన ఉగ్గుగిన్నె

కరోనా తర్వాత బడులు మళ్లీ మామూలుగా నడవడం మొదలైన రెండో ఏడు. మామిడికుదురు దాటాక, వైనతేయ గోదావరి గట్టుకు ఆనుకుని ఉన్న ఒక ఊరి హైస్కూల్లో నేను సోషల్ టీచర్ని. అమలాపురం నుంచి బస్సులో వచ్చి సెంటర్లో ఆటో ఎక్కేదాన్ని. పిల్లల్లో సగం మంది చేపల వేటకు వెళ్లే ఇళ్లవాళ్లు. మిగతావాళ్ల పెద్దలు కొబ్బరి దింపుల్లోనో వరిచేలల్లోనో పనిచేసేవారు.

ఆరో తరగతికి సింధు లోయ నాగరికత పాఠం ఉంటుంది. ఏళ్ల తరబడి దాన్ని నేను ఒకే తీరున చెప్పాను. తిన్నని వీధులు, మూతలున్న మురుగుకాలువలు, పెద్ద స్నానవాటిక, ముద్రికలు. పిల్లలు బట్టీ పట్టేవారు, పరీక్షలో రాసేవారు, వేసవి సెలవులు వచ్చేసరికి మరిచిపోయేవారు. ఆ ఏడు ఒక ట్రైనింగులో ‘మాక్ డిగ్’ గురించి చెప్పారు. అంటే ఉత్తుత్తి తవ్వకం. టీచరు ముందుగానే కొన్ని వస్తువులు నేలలో పాతిపెడుతుంది. పిల్లలు తవ్వి తీసి, ఆ వస్తువును బట్టి అప్పటివాళ్లు ఏం తిన్నారో, ఎలా ఆడుకున్నారో ఊహించాలి. నేలను పురికొసతో గళ్లు గళ్లుగా విడదీస్తారు. దాన్ని ‘గ్రిడ్’ అంటారు. గడికొక జట్టు. పలుగూ పారా ఉండవు, చిన్న తాపీలు, పెయింటు బ్రష్షులే.

నాకు భలే నచ్చింది. చోటు కోసం బడంతా తిరిగి చూసి వంటషెడ్డు వెనక నేలను ఎంచుకున్నాను. గట్టు వైపు ప్రహరీ కట్టినప్పుడు బడిలోకి కలిసిన ముక్క అది. ఇసుక కలిసిన మట్టి, పిల్లల చేతులకు తేలిగ్గా తెగుతుంది. కుమ్మరి దగ్గర పెంకులు తెచ్చాను, మట్టితో బొమ్మబండి చక్రాలు చేశాను, గవ్వలూ పూసలూ పోగుచేశాను. అన్నీ జానెడు లోతులో పాతాను.

తవ్వకం రోజున పిల్లల ముఖాలు చూడాలి. తరగతిలో నోరు విప్పని వాళ్లు కూడా మోకాళ్ల మీద కూర్చుని, ఊపిరి బిగబట్టి మట్టి ఊడుస్తున్నారు. చక్రం బయటపడితే కేకలు. చివరి గడి లహరి జట్టుది. లహరి సన్నగా, గలగలా మాట్లాడే పిల్ల. వాళ్ల గడిలో వస్తువులు తొందరగా దొరికేశాయి. అయినా ఆపకుండా నేను పాతినదానికన్నా లోతుకు వెళ్లిపోయారు.

“మేడంగారండీ! ఇటు రండి! గిన్నండి!”

నేను పాతినవాటిలో గిన్నె లేదు. వెళ్లి చూస్తే ఇత్తడి ఉగ్గుగిన్నె. పసిపిల్లలకు పాలూ ఉగ్గూ పట్టడానికి ముక్కులాంటి కొస ఉంటుందే, అది. పచ్చగా చిలుం పట్టి ఉంది. దాని పక్కనే మట్టిలో నల్లపూసలు నాలుగైదు.

“ఇదే అసలైన పాతదండి, కదండీ? అన్నిటికన్నా కింద దొరికింది కదండీ!” అంది లహరి.

అది పాతది కాదని నాకు తెలుసు. మా వైపు తడినేలలో ఇత్తడి కొన్ని వానాకాలాలకే అలా అయిపోతుంది. ఎవరో పారేసుకుని ఉంటారనుకున్నాను. గట్టు మీద ఇళ్లవాళ్లను ఒక్క మాట అడిగితే సరిపోయేది. అడగాలని తోచలేదు అంటే పూర్తి నిజం కాదు. ఎవరైనా వచ్చి అది మాదంటే మర్నాటి ప్రదర్శన చప్పబడిపోతుందన్న ఆలోచన మనసులో మెదిలింది. “ఏమో, దాన్ని చూసి మీరే చెప్పండి, ఎవరిదై ఉంటుందో” అన్నాను. ఆ మాటకు పిల్లలు పొంగిపోయారు.

మర్నాడు వరండాలో బల్లలు వేసి అన్నీ పరిచాం. తల్లిదండ్రులు వచ్చారు, హెడ్మాస్టరుగారు వచ్చారు. అందరి కన్నూ ఉగ్గుగిన్నె మీదే. లహరి దాన్ని రెండు చేతుల్తో ఎత్తి పట్టుకుని చెప్పడం మొదలుపెట్టింది.

“దీన్నిబట్టి ఆ ఇంట్లో పసిపాప ఉండేదని తెలుస్తుందండి. ఇదిగో, ఈ ముక్కు దగ్గర చూడండి, నొక్కులున్నాయి. పాపకి అప్పుడే పళ్లొస్తున్నాయన్నమాట. పాలు తాగుతా తాగుతా కొరికేసిందండి.”

అందరూ నవ్వారు. నాకు గర్వంగా అనిపించింది. ఇన్నేళ్ల ఉద్యోగంలో ఏ పిల్లా ఒక వస్తువును అంత శ్రద్ధగా చూసి మాట్లాడలేదు.

హెడ్మాస్టరుగారు ముచ్చటపడి అడిగారు. “మరి అంత మంచి గిన్నెని మట్టిలో ఎందుకు వదిలేశారమ్మా?”

లహరి తడుముకోలేదు. “పాప పెద్దదైపోయి ఉంటుందండి. ఇంక అక్కర్లేక పారేసుంటారు.”

“పెద్దదవలేదమ్మా.”

ఆ గొంతు వెనకనుంచి వచ్చింది. మధ్యాహ్న భోజనం వండే దుర్గ, టీ గ్లాసుల పళ్లెం పట్టుకుని నిలబడి ఉంది. చెల్లెలి కానుపుకని మలికిపురం వెళ్లి ఆ ఉదయమే పనిలోకి వచ్చింది. మేం తవ్వినప్పుడు తను ఊళ్లో లేదు. పళ్లెం కింద పెట్టి, జనం మధ్యలోంచి వచ్చి, లహరి చేతుల్లోంచి గిన్నె తీసుకుంది. కొంగుతో ఒకసారి తుడిచింది. పూసల కోసం బల్ల మీద వెతికింది. వాటిని మేం ఒక అట్ట మీద వరసగా అంటించి, కింద ‘ఆభరణాలు’ అని రాశాం. ఆ అట్టను అలాగే తీసుకుంది.

గేటు వైపు నడిచి వెళ్లిపోయింది.

అప్పటికి కొందరికి అర్థమైంది. నాకూ అర్థమైంది. ఆ వరండాలో ఎటు చూడాలో తెలియలేదు. ఒక పెద్దావిడ పక్కనున్నావిడతో మెల్లిగా అనడం వినిపించింది. “గోడ లేనప్పుడు అదంతా గట్టే కదా. పోయిన పసిగుడ్డుల్ని అక్కడే పెట్టేవోరు.”

లహరి నా చీర కొంగు పట్టుకుంది. “నేను తప్పు చెప్పేనా అండీ?”

“లేదమ్మా” అన్నాను.

మిగిలిన రోజు ఎలా గడిచిందో గుర్తులేదు. సాయంత్రం నేను దుర్గ వాళ్లింటికి బయల్దేరితే లహరి కూడా వస్తానంది. వద్దన్నాను. “నేను కదండీ అన్నాను, పెద్దదైపోయిందని” అంటూ ఏడ్చింది. వాళ్లమ్మను అడిగి తీసుకెళ్లాను.

గట్టు కింద రేకుల ఇల్లు. దుర్గ భర్త సత్తిబాబు బయట వల బాగుచేసుకుంటున్నాడు. నన్ను చూసి లేచి, కుర్చీ తెచ్చి వేశాడు. నాకు కూర్చోబుద్ధి కాలేదు.

“తెలియక జరిగిందండీ” అన్నాను.

“ఆయ్, తెలీకేలెండి.” వల మళ్లీ చేతిలోకి తీసుకున్నాడు. “గోడ కడుతున్నప్పుడు వెళ్లి చెప్పేమండి. మా పాపుందండి అక్కడ, ఆ కాస్తా వదిలేసి కట్టండని. గవర్నమెంటు స్థలం అన్నారు. ఏం చేస్తామండి? పోనీ గోడ లోపలైనా పిల్లల మధ్యనుంటది కదా అనుకున్నాం.” అతని గొంతు గట్టిపడింది. “ఈళ్లు పిల్లలండి. మీరు పెద్దోరు కదండీ. నేలలోంచి పూసలొస్తే, గిన్నొస్తే, ఇది ఎవరిదని ఊళ్లో ఒక్కర్ని అడగలేకపోయేరా?”

నేను తల ఎత్తలేదు. అతను అడిగిన ప్రశ్నే ముందురోజు నాకు తట్టిందనీ, తట్టినా పక్కకు నెట్టేశాననీ అతనికి తెలియదు. ఆ సంగతి నేను చెప్పలేదు.

దుర్గ లోపల్నుంచి వచ్చి గుమ్మంలో కూర్చుంది. “ఊరుకోవయ్యా” అంది భర్తతో. తర్వాత నాకేసి చూసింది. “గోడకి గట్టు వైపు తలుపు పెట్టలేదండి. అందుకే నేను వంటలో చేరేనండి. రోజూ అంట్లు తోముకుంటా అటేపు చూసుకునేదాన్ని.”

ఆ షెడ్డు వెనక దుర్గ కూర్చుని అంట్లు తోమడం రోజూ చూసేదాన్ని. కుళాయి ముందు వైపు ఉండగా నీళ్లు మోసుకుని వెనక్కి ఎందుకు వెళ్తుందో ఎప్పుడూ అడగలేదు.

లహరి నెమ్మదిగా ఆమె దగ్గరికి వెళ్లి నిలబడింది. “సారీ అండి అత్తా. పాప పెద్దదైపోయిందనుకున్నాను.”

దుర్గ పిల్లను దగ్గరకు తీసుకుంది. “కొరికిందని ఎలా చెప్పేవే నువ్వు?”

“నొక్కులు చూసేనండి. చిన్నచిన్నవి, రెండేసి ఉన్నాయి.”

“కింద రెండు పళ్లే వచ్చేయి దానికి. ఎప్పుడూ ఆ ముక్కే కొరికేది.” అంత మాత్రమే అని, పిల్ల భుజం మీద తల ఆనించి, అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు ఏడ్చింది. సత్తిబాబు వల పక్కన పెట్టి గట్టు పైకి వెళ్లిపోయాడు.

ఆదివారం నాడు హెడ్మాస్టరుగారు గేటు తాళం తీయించారు. దుర్గా సత్తిబాబూ గిన్నెనూ పూసలనూ తెచ్చి, ఎక్కడివి అక్కడ పెట్టి, వాళ్ల చేతుల్తోనే మట్టి కప్పారు. మమ్మల్ని రమ్మనలేదు. మేం వరండాలోనే నిలబడ్డాం. తర్వాత హెడ్మాస్టరుగారు మంచి ఉద్దేశంతోనే, అక్కడొక చిన్న రాయి పెట్టించి పాప పేరు రాయిద్దామన్నారు. దుర్గ చేతులు జోడించింది. “వద్దండి బాబూ. ఇంక ఎవరూ చూడక్కర్లేదండి.”

గట్టు వైపు గోడకు తలుపు పెట్టించాలని హెడ్మాస్టరుగారు పై అధికారులకు రాశారు. మళ్లీ మళ్లీ రాశాక, మరుసటి ఏడాది చిన్న ఇనప తలుపు ఒకటి వచ్చింది. దుర్గ వంటపని మానలేదు.

ఆ తర్వాత కూడా సింధు లోయ పాఠం చెబుతూనే ఉన్నాను. పుస్తకంలో మట్టిబొమ్మలు, గాజులు, ఈలల బొమ్మలు ఉంటాయి. ఇదివరకు వాటిని చూపించి ‘తవ్వకాల్లో దొరికాయి’ అని సులువుగా అనేసేదాన్ని. ఇప్పుడు ఆ మాట దగ్గర ఆగుతాను. ఇది ఎవరి చేతిది, ఎవరు పెట్టారు, పెట్టినవాళ్లు మనల్ని చూస్తుంటే ఏమంటారు అని పిల్లల్ని అడుగుతాను. ఏ పని చేయించినా ముందు ఆ నేల పక్కన బతుకుతున్నవాళ్లను అడిగి వస్తాను. ఇది నేను బి.ఇడి.లో నేర్చుకోవలసిన సంగతి కాదు, మనిషిగా ముందే తెలిసి ఉండవలసింది.

ఇప్పటికీ మధ్యాహ్నం వంటషెడ్డు ముందునుంచి వెళ్తుంటే దుర్గే పలకరిస్తుంది. “మేడంగారండీ, భోంచేసేరా? పప్పుచారు బాగా కుదిరిందండి, కాస్త పోస్తాను రండి.” ఆ గొంతులో నిష్ఠూరం ఏమాత్రం ఉండదు. ఒక్కసారి తిట్టినా బాగుండుననిపిస్తుంది. గిన్నె పట్టుకుని వెళ్తాను. ఆమె పోస్తుంటే మాత్రం నా కళ్లు గిన్నెలోకే చూస్తుంటాయి, ఆమె ముఖంలోకి కాదు.