ఉన్నుర్ గీసిన ఎర్రగీత

మా బావ స్వెర్రిర్ ఎలాంటివాడని ఊళ్ళో ఎవరినడిగినా మంచే చెబుతారు. నన్ను మాత్రం అడగరు. అడిగితే ఏం చెబుతానో వాళ్ళకు తెలుసు.

మాది హోఫ్న్, చలిదేశంలో సముద్రం ఒడ్డునున్న చిన్న ఊరు. రేవులో పడవలు, రేవు పక్కన రొయ్యల ఫ్యాక్టరీ, ఏ ఇంటి వంటగది కిటికీ తెరిచినా ఎదురుగా మంచుకొండ. నేను ఫ్యాక్టరీలో రొయ్యలు ఏరుతాను. బావ ఇంటి వెనక షెడ్డులో బండ్లు కోస్తాడు. కంపెనీ నుంచి వచ్చిన బండిని వచ్చినట్టే వాడుకునేవాడు మా ప్రాంతంలో మగాడి కింద లెక్క కాదు. నాలుగు చక్రాలకీ ఇంజను బలం అందే జపాన్ బండి కొంటారు, షోరూం వాసనైనా పోకముందే దాన్ని స్వెర్రిర్ షెడ్డుకి తోలుకొస్తారు. ఉన్న టైర్లు పీకి వాటికి రెట్టింపు వెడల్పువి వేస్తాడు. అవి పట్టడానికి చక్రాల పైన రేకు కోస్తాడు, బండి ఒళ్ళంతా పైకి లేపుతాడు, అంత పెద్ద చక్రాన్ని ఇంజను తిప్పలేదు కాబట్టి గేర్లు మారుస్తాడు. ఇదంతా మంచు కోసం. మెత్తటి మంచులో సన్నటి టైరు కడుపుదాకా దిగిపోతుంది. వెడల్పు టైరులో గాలి దాదాపు మొత్తం తీసేస్తే అది పల్చటి రొట్టెలా పరుచుకుని మంచు మీద తేలుతుంది.

కొత్త బండికి మొదటి కోత అంటే మాకు చిన్న పండగే. ఇరుగుపొరుగు చేరతారు. కాఫీ పెడతారు, నూనెలో వేయించిన మెలికల రొట్టెలు పళ్ళెం నిండా పోస్తారు. ఇంటావిడ ఎర్ర పెన్ను తీసుకుని చక్రం పైన రేకు మీద గీత గీస్తుంది. ఆ గీత వెంటే రంపం వెళుతుంది. మెరిసే కొత్త రేకు నిప్పులు చిమ్ముతుంటే మొగుళ్ళు మొహాలు వేలాడేస్తారు, ఆడవాళ్ళం నవ్వుకుంటాం.

మా అక్క ఉన్నుర్‌కి కళ్ళ జబ్బని తేలిన వారంలోనే బావ కొత్త బండి కొన్నాడు. చూపు అంచుల నుంచి మూసుకుంటూ వస్తుందనీ, కొన్నాళ్ళకు గొట్టంలోంచి చూసినట్టు ఉంటుందనీ, తర్వాత ఆ గొట్టమూ మూసుకుపోతుందనీ డాక్టరు చెప్పాడు. ఎన్నేళ్ళకో చెప్పలేనన్నాడు. మందు లేదన్నాడు. బయటికొచ్చి కారెక్కాక అక్క ఏడవలేదు. ఒకటే కోరింది.

"నాన్న గుడిసె దాకా తీసుకెళ్తావా? మార్చిలో. ఒక్కసారి చూసుకుంటే చాలు."

మా నాన్న మంచుకొండ నడినెత్తిన ఉన్న గుడిసెకు కాపలాదారుగా ఉండేవాడు. పెళ్ళికి ముందు అక్క ఒక మార్చి నెలంతా అక్కడ వంట చేసింది, కొండను కొలవడానికి వచ్చినవాళ్ళకి. ఆ నెల గురించి ఆవిడ చెప్పడం మొదలుపెడితే పొయ్యి మీద కూర మాడాల్సిందే. చుట్టూ తెలుపు, పొద్దు వాలేటప్పుడు ఆ తెలుపంతా గులాబీ రంగు, దక్షిణాన సన్నటి గీతలా సముద్రం. గుడిసె గడపలో కూర్చుని ఎండుచేప ముక్కకు వెన్న రాసుకుని తింటూ అదంతా చూసేదట. కళ్ళు పోయాక దాచుకోవడానికి ఆవిడ ఏరుకున్న బొమ్మ అదొక్కటే.

"తీసుకెళ్తా. దేనికీ ఆగని బండి చేసి మరీ తీసుకెళ్తా" అన్నాడు బావ. ఆ మాట అన్నప్పుడు నేను వెనక సీట్లో ఉన్నాను. కళ్ళు తుడుచుకున్నాను కూడా. ఎంత పిచ్చిదాన్నో.

మొదటి కోతకి ఊరు ఊరంతా వచ్చింది. అక్క గీసిన గీత దారం పట్టి గీసినట్టు తిన్నగా వచ్చింది. బావ దాని వెంట వెంట్రుకవాసి తేడా లేకుండా కోశాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

ఆ మార్చిలో బయలుదేరాం. ముందు కెటిల్ బండి, వెనక మాది. కెటిల్ పడవ కెప్టెను. నోరు కొంచెం ఎక్కువ, మనసు మంచిది. వాడి బండి కూడా బావ చేతిదే, మాదానికంటే ఒక సైజు పెద్ద టైర్లు. కొండ మొదట్లో మంచు తడిసి ముద్దగా ఉంది. కెటిల్ దిగి, టైర్లలో గాలి బాగా తీసేసి, ఎక్కి వెళ్ళిపోయాడు. బావ మాత్రం సగమే తీశాడు. రిములు కొత్తవి, ఎక్కువ తీస్తే టైరు ఊడొస్తుందేమోనని భయం. ఊరందరికీ "గాలి తియ్యండ్రా, ఇంకా తియ్యండి" అని చెప్పే మనిషి సొంత బండి దగ్గర పిసినారి అయ్యాడు. బండి కడుపుదాకా దిగబడింది.

కెటిల్ వెనక్కొచ్చి తాడు వేసి లాగాడు. లాగి ఊరుకున్నాడా, ఫోటో తీశాడు. మా ఊరి బండ్ల క్లబ్బులో దానికోసమే ఒక గోడ ఉంది. తాడు చివర కనబడ్డ బండ్లన్నిటి ఫోటోలూ అక్కడ తగిలిస్తారు.

"గురువుగారూ, మొహం ఇటు తిప్పు! గోడ మీదికెళ్ళే ఫోటో ఇది, అందంగా ఉండాలి!"

"తియ్యరా తియ్యి. నీ బండికి గేర్లు నేనే వేశాను, అదీ రాయి దాని కింద" అన్నాడు బావ. నవ్వుతూనే అన్నాడు. చెవులు మాత్రం కందిపోయాయి.

"సర్లే. ఉన్నుర్, నువ్వు నా బండెక్కు. ఇవాళ ఆకాశం అద్దంలా ఉంది. గంటలో మీ నాన్న గుడిసె దగ్గరుంటాం. స్వెర్రిర్, నువ్వూ రా, వెనకాల చోటుంది."

అక్క వాడి బండి మెట్టు మీద కాలు పెట్టింది. పెట్టి, బావ వైపు చూసింది. బావ రమ్మనలేదు, వద్దనలేదు. వంగి టైరుకంటిన మంచు దులుపుతున్నాడు, దాంట్లో ఏదో రహస్యమున్నట్టు. అక్క కాలు దించేసింది.

"ఇంకోసారి వెళ్దాంలే" అంది.

తిరుగు దారంతా నేను తిట్టుకుంటూనే ఉన్నాను. ఎవరూ వినిపించుకోలేదు.

తర్వాత ఊళ్ళో ఈతకొలను దగ్గర వేడినీళ్ళ తొట్టిలో పొద్దున్నే చేరే మగాళ్ళకి కబురు దొరికింది. "స్వెర్రిర్ బండి కొండెక్కుతుందా?" అని ఒకడు. "ఎందుకెక్కదూ, ముందు తాడుంటే!" అని ఇంకొకడు. అందరికీ అలాగే అంటారు, నాలుగు రోజుల్లో మరిచిపోతారు. బావ మరిచిపోలేదు. ఆ వేసవిలోనే బండిని మళ్ళీ ఎత్తి నిలబెట్టాడు.

పెద్ద టైర్లన్నాడు. దానికి రేకు మళ్ళీ కొయ్యాలి. ఈసారి గీత సగం దాకా బాగానే వచ్చి చివర కిందికి జారిపోయింది. అక్క వెనక్కి జరిగి, తల అటూ ఇటూ తిప్పి ముక్కలు ముక్కలుగా చూసుకుని "బాగుందా?" అంది. "భేషుగ్గా ఉంది" అన్నాడు బావ. ఆవిడ కాఫీకి లోపలికెళ్ళగానే గుడ్డతో ఆ చివర తుడిచి తను గీసుకున్నాడు. నేను చూశానని వాడికి తెలుసు.

టైర్లు పెరిగితే గేర్లు మారాలి. పరదేశం నుంచి గేర్లు వచ్చేసరికి మార్చి దాటిపోయింది. మరుసటి ఏడు బండి సిద్ధమైతే చలికాలమంతా మంచుకి బదులు వాన. ఆ వానల్లో కూర్చుని, ఇరుసు ఇంకొంచెం వెనక్కి జరిపితే బరువు సరిపోతుందని కనిపెట్టాడు. మళ్ళీ విప్పాడు. ఈ లోపల ఊళ్ళోవాళ్ళ బండ్లు వస్తున్నాయి, అయిపోతున్నాయి, కొండెక్కి దిగుతున్నాయి. ప్రతి మార్చిలోనూ కెటిల్ గుమ్మంలో నిలబడి "ఒక సీటు ఖాళీ ఉంది ఉన్నుర్" అనేవాడు. "మా బండి అయిపోవస్తోంది కెటిల్" అనేది మా అక్క.

ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాను. వంటగదిలో ఉన్నాం. బల్ల మీది కాఫీ కప్పు కోసం అక్క తల మెల్లగా తిప్పుతూ వెతుకుతోంది. నేనందివ్వలేదు. అందిస్తే కోపం.

"కెటిల్‌తో వెళ్ళి చూసి రావే అక్కా. ఒక్క పూట పని."

"నా కళ్ళు ఎలాగూ పోతాయి దీసా. ఆయన పరువు కూడా నేనే తియ్యాలా?"

"పరువుదేముంది, మళ్ళీ వస్తుంది. కళ్ళొస్తాయా?"

"నీకు తెలీదు. నేను కెటిల్ బండిలో వెళ్ళొస్తే ఆయన మళ్ళీ ఆ షెడ్డు తలుపు తియ్యడు." కప్పు దొరికింది. రెండు చేతులతో పట్టుకుంది. "నా కోసం చేస్తున్నాడే. రాత్రి పక్క మీద కూడా దాని గురించే చెబుతాడు."

మొగుడి పరువుకి కాపలా కాస్తూ కళ్ళు పోగొట్టుకునే ఆడదాన్ని ఏమనాలి? మా అక్క కాబట్టి ఏమీ అనలేదు. తిన్నగా షెడ్డులోకి వెళ్ళాను. బావ బండి కింద పడుకుని ఉన్నాడు. కాలితో వాడి బూటు తన్నాను.

"బావా, కెటిల్ బండి ఎన్నాళ్ళలో చేశావు?"

"మూడు వారాలు."

"మరి మా అక్కది?"

"ఇది మీ అక్కది కాబట్టే ఆలస్యం."

"ఆవిడ కళ్ళు నీ ఇరుసు కోసం ఆగుతాయా? వాళ్ళ బండ్లకు చాలిన టైర్లు నీకు చాలవా? ఏం, నువ్వేమన్నా ఏనుగుల్ని ఎక్కిస్తున్నావా?"

బయటికి జరిగి లేచి కూర్చున్నాడు. చేతిలో పానా తుడిచాడు. తుడిచిందే తుడిచాడు.

"మధ్యలో ఆగిపోతే దీసా? మళ్ళీ వాడు తాడు పట్టుకొస్తే? అప్పటికి ఆవిడకి మిగిలింది ఆ కాస్త చూపే అయితే? తాడు చివర వేలాడుతున్న నన్ను చూడ్డానికా అది?"

అందరూ వాడు మంచివాడంటారు. ఆ క్షణంలో నాకూ కనబడింది మంచితనం. దాని మీద ఉమ్మేయాలనిపించింది. ఆవిడ చూడాలనుకున్నది సముద్రాన్ని, వాణ్ణి కాదు. ఆ మాటే మొహం మీద అన్నాను. మళ్ళీ బండి కిందికి దూరాడు.

చివరి కోతకి ఎవరినీ పిలవలేదు. కాఫీ లేదు, రొట్టెలు లేవు. బావ పెన్ను చేతికిచ్చాడు. అక్క నవ్వుతూ చెయ్యి చాచి హెడ్‌లైటు అద్దం మీద గీత మొదలుపెట్టింది. బావ ఆవిడ మణికట్టు పట్టుకుని రేకు మీదికి తెచ్చి, చిన్నపిల్ల చేత అక్షరాలు దిద్దించినట్టు తనే గీయించాడు. వాడికి అంతా తెలుసు. తెలిసీ కోతకే కూర్చున్నాడు.

ఆ మరుసటి మార్చిలో "రేపు వెళ్దాం" అన్నాడు.

అప్పటికి అక్కకి వెలుతురుందో లేదో మాత్రం తెలుస్తోంది. కిటికీ ఎటుందో చెప్పగలదు, కిటికీలో ఏముందో చెప్పలేదు. అయినా ఉన్ని స్వెటరు వేసుకుంది, ఎండుచేప, వెన్న డబ్బా సంచిలో పెట్టుకుంది. జుట్టు దువ్వమని నన్నడిగింది.

బండి సంగతి నిజం చెప్పాలి. అలాంటి బండి ఈ జిల్లాలో లేదు. ఈసారి గాలి ఎంత తియ్యాలో అంతా తీశాడు. వెనకటి సారి మేం దిగబడ్డ తడిమంచు మీద నుంచి ఉయ్యాల ఊగినట్టు పోయింది. కొండ సగంలో మాకంటే ముందు బయలుదేరిన కెటిల్ బండి దిగబడి ఉంది. బావ మొహం చూడాలి. పెళ్ళినాడు కూడా అంత వెలగలేదు. దిగి, తాడు తీసి, ఆ ముడి వేసుకోవడంలోనే ఒక యుగం గడిపాడు. లాగాడు. ఫోటో తీశాడు, అటు నుంచొకటి, ఇటు నుంచొకటి.

"మొహం ఇటు తిప్పు కెటిల్! అందంగా ఉండాలి!"

కెటిల్ నవ్వలేదు. మా బండి అద్దంలోంచి అక్కనే చూస్తున్నాడు. అక్క వాడికి రెండడుగులు పక్కగా, ఎవరూ లేని చోటుకి చెయ్యూపింది.

గుడిసె దగ్గరికి చేరాం. ఆకాశంలో మబ్బు లేదు. పొద్దు వాలుతోంది, తెలుపంతా గులాబీ రంగుకి తిరుగుతోంది, దక్షిణాన సముద్రం సన్నగా మెరుస్తోంది. అక్క ఎన్నోసార్లు చెప్పినవన్నీ అక్కడే ఉన్నాయి. అక్కను దింపి గుడిసె గడపలో కూర్చోబెట్టాను. మొహం ఎండ వైపు తిప్పి కూర్చుంది.

"స్వెర్రిర్, సముద్రం కనబడుతోందా?"

బావ బండి ముందు, ఎడమ చక్రం దగ్గర మోకాళ్ళ మీద ఉన్నాడు. చేతి తొడుగు తీసి టైరుకీ రేకుకీ మధ్య వేళ్ళు దూర్చి తడుముతున్నాడు. ఒక్కసారి కూడా తలెత్తి చూడలేదు. చూసే ధైర్యం లేకపోయిందో, చూడాలని తోచనేలేదో, ఇప్పటికీ నాకు తెలియదు. రెంటికీ క్షమించలేదు.

"స్వెర్రిర్?"

"ఆఁ... ఏం లేదు. తిప్పినప్పుడు ఎడం పక్క టైరు కాస్త రాస్తోంది" అన్నాడు. "ఒక వేలు మందం ఇంకా కొయ్యాలి."

అక్క సంచిలోంచి ఎండుచేప ముక్క తీసింది. తడుముకుంటూ వెన్న రాసుకుంది.

"కొయ్యి" అంది. "ఈసారి గీత మాత్రం నువ్వే గీసుకో."